ముందు ఒక పన్ను తగ్గిస్తే ఏమవుతుంది? బైక్ స్ప్రాకెట్, పికప్, చైన్ ఆయుష్షు వెనకున్న లెక్క

చలికాలం వచ్చి అరకు, లంబసింగి ప్రయాణాలు ఊపందుకోగానే విశాఖలో బైక్ షెడ్ల దగ్గర స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) మార్చాలా వద్దా అన్న చర్చ మళ్లీ మొదలవుతుంది. "ముందు ఒక పన్ను తగ్గించెయ్యన్నా, ఘాట్‌లో బండి బాగా లాగుతాది" అని ఒకరంటారు. "లాగుతాది సరే, చైన్ తొందరగా పోతాది, మైలేజీ పడిపోతాది" అని పక్కనున్నవాళ్లు అడ్డుపడతారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఎంత నిజం, ఏ బండికి, ఏ దారిలో అన్న దగ్గరే గందరగోళం. ఈ లెక్కకు కావలసినవి ఒక భాగహారం, కొన్ని గుణకారాలు. అవి తెలిస్తే జేబులో చెయ్యి పెట్టే ముందే ఏమొస్తుందో, ఏం పోతుందో కనిపిస్తుంది.

పళ్ల నిష్పత్తి అంటే ఏమిటి

గేర్‌బాక్స్ నుంచి బయటికొచ్చే ఇరుసుకు చిన్న పళ్ల చక్రం ఉంటుంది. అది ముందు స్ప్రాకెట్. వెనక టైరుకు బిగించిన పెద్దది వెనక స్ప్రాకెట్. రెండింటినీ కలిపేది చైన్. 15/45 అని రాస్తే ముందు 15 పళ్లు, వెనక 45 పళ్లు అని అర్థం. వెనక పళ్లను ముందు పళ్లతో భాగిస్తే 3 వస్తుంది. అంటే ముందు చక్రం (స్ప్రాకెట్) మూడు చుట్లు తిరిగితే వెనక టైరు ఒక చుట్టు తిరుగుతుంది. ఈ వ్యాసమంతా ఉదాహరణగా ఈ 15/45 బండినే తీసుకుందాం. మీ బండి అంకెలు వేరే ఉండొచ్చు, లెక్క మాత్రం ఇదే.

ముందు 14 వేస్తే నిష్పత్తి 3.21 అవుతుంది, అంటే 7 శాతం పెరుగుదల. ముందు 15నే ఉంచి వెనక 48 వేస్తే 3.2 వస్తుంది, దాదాపు అదే ఫలితం. ముందు ఒక పన్ను తగ్గించడం వెనక మూడు పళ్లు పెంచడంతో సమానమని మెకానిక్‌లు చెప్పేది ఇందుకే. ఆ 'మూడు' అన్ని బళ్లకూ వర్తించే అంకె కాదు, మీ బండి నిష్పత్తి ఎంతో అంత. నిష్పత్తి రెండున్నర ఉన్న బండికి ముందు ఒక పన్ను వెనక రెండున్నర పళ్లతో సమానం.

నిష్పత్తి పెరిగితే ఇంజిన్ ఎక్కువ తిరుగుతుంది, టైరుకు తోపు ఎక్కువ అందుతుంది, అదే వేగానికి ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) పెరుగుతుంది. సింహాచలం మెట్లదారిలో మెట్ల ఎత్తు తగ్గించి సంఖ్య పెంచితే ఎలా ఉంటుందో ఇదీ అంతే: ప్రతి అడుగూ తేలిక, అడుగులు మాత్రం ఎక్కువ. కొండ ఎత్తు మారదు, ఎక్కేవాడి శక్తీ మారదు. స్ప్రాకెట్ మార్చితే ఇంజిన్ పవర్ ఒక్క పిసరు కూడా పెరగదు. ఉన్న పవర్ ఏ వేగం దగ్గర అందుబాటులోకి వస్తుందన్నదే మారుతుంది.

పికప్ నిజంగా పెరుగుతుందా

పెరుగుతుంది, అన్ని వేగాల దగ్గరా కాదు. మన ఉదాహరణ బండి 15/45తో ఆర్‌పీఎం ఎర్రగీత (ఇంజిన్ దాటకూడని హద్దు) తాకేసరికి ఒకటో గేరులో 35, రెండులో 55, మూడులో 75, నాలుగులో 95, ఐదులో 115 కిలోమీటర్ల వేగం అందుకుంటుందని అనుకుందాం. 14/45 వేయగానే ఈ అంకెలు 33, 51, 70, 89, 107కి దిగుతాయి.

ఇప్పుడు రెండు బళ్లనూ మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర పక్కపక్కన నిలబెట్టండి. 30 కిలోమీటర్ల దాకా రెండూ ఒకటో గేరులోనే ఉంటాయి కాబట్టి 14 పళ్ల బండికి 7 శాతం తోపు ఎక్కువ, అదే ముందుకు దూకుతుంది. 33 దగ్గర అది రెండో గేరులోకి వెళ్లాలి. పాత పళ్ల (15/45) బండి ఇంకా ఒకటో గేరులోనే లాగుతూ ఉంటుంది. ఆ కాసేపు పాత బండిదే పైచేయి. మళ్లీ 51 నుంచి 55 దాకా, 70 నుంచి 75 దాకా ఇదే కథ. 72 కిలోమీటర్ల దగ్గర కొత్త బండి నాలుగో గేరులో, పాతది మూడో గేరులో ఉంటాయి. పళ్ల లెక్క వరకే చూస్తే అక్కడ కొత్త బండి తోపు పాతదానికంటే 15 శాతం తక్కువ. ఎర్రగీత దగ్గర ఇంజిన్ టార్క్ (తిప్పే బలం) ఎలాగూ కాస్త పడిపోతుంది కాబట్టి నిజంలో తేడా అంత ఉండదు, కానీ ఉంటుంది.

అందుకే స్టాప్‌వాచ్ పట్టుకుని సున్నా నుంచి 80 దాకా కొలిస్తే కొన్ని బళ్లలో అనుకున్నంత లాభం కనిపించదు. మధ్యలో ఒక గేరు అదనంగా మార్చాల్సి వస్తే లాభమంతా ఆ క్లచ్ నొక్కడంలోనే పోతుంది. గేరు మార్చకుండా థ్రాటిల్ తిప్పగానే బండి స్పందించే తీరు మాత్రం స్పష్టంగా మెరుగవుతుంది. రోజూ ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లు 'పికప్' అనేది దీన్నే. స్టాప్‌వాచ్ మనిషికీ రోడ్డు మీద మనిషికీ వాదన తెగకపోవడానికి కారణం వాళ్లు రెండు వేరు వేరు విషయాలు కొలవడమే.

ఘాట్‌లో తేడా ఎక్కడ తెలుస్తుంది

ఎస్.కోట దాటాక అనంతగిరి ఘాట్ మొదలవుతుంది. వెనక మనిషి, సామాన్లతో హెయిర్‌పిన్ మలుపు తిరిగేటప్పుడు వేగం 18, 20కి పడిపోతుంది. రెండో గేరులో ఇంజిన్ ముక్కుతుంది, ఒకటిలో వేస్తే అరుస్తుంది. ఈ రెండు గేర్ల మధ్య ఖాళీలో ఇరుక్కున్న బండికి ఆ 7 శాతం బాగా పనికొస్తుంది. పై గేర్లలో ఒక గేరుకూ ఇంకో గేరుకూ తేడా చాలా బళ్లలో 15 నుంచి 25 శాతం ఉంటుంది. అంటే ముందు ఒక పన్ను తగ్గించడం పై గేర్లలో మూడో వంతు నుంచి సగం గేరు కిందికి దిగడంతో సమానం. మలుపు దగ్గర క్లచ్ సగం పట్టుకుని నడిపే అవసరం తగ్గుతుంది కాబట్టి క్లచ్ ప్లేట్లకూ మేలే. దిగేటప్పుడు ఇంజిన్ బ్రేకింగ్ కూడా అంతే పెరుగుతుంది. గాలికొండ నుంచి కిందికి దిగుతూ బ్రేకులు వేడెక్కిన అనుభవం ఉన్నవాళ్లకు దీని విలువ చెప్పనక్కర్లేదు.

అదే బండిని అనకాపల్లి వైపు హైవే మీద 80లో పెట్టండి. 15/45తో 6000 ఆర్‌పీఎం తిరిగే ఇంజిన్ 14/45తో సుమారు 6430 తిరుగుతుంది. గంటసేపు అలా వెళితే హ్యాండిల్‌లో వణుకు, చెవుల్లో హోరు తెలుస్తాయి. రోజూ గాజువాక నుంచి శ్రీకాకుళం వైపు హైవేలో వెళ్లేవాళ్లకు ఈ మార్పు నా దృష్టిలో నష్టమే. వాళ్లలో కొందరు ఎదురు దారిలో ముందు 16 వేస్తారు. అప్పుడు అదే 80కి 5625 ఆర్‌పీఎం చాలు, కానీ ఎదురుగాలికీ ఫ్లైఓవర్ ఎక్కడానికీ గేరు దించాల్సి వస్తుంది.

టాప్ స్పీడ్ తప్పనిసరిగా పడిపోతుందన్నది కూడా పూర్తి నిజం కాదు. కొన్ని చిన్న బళ్లు ఆఖరి గేరులో ఎర్రగీత దాకా వెళ్లలేవు, గాలి ఒత్తిడికి ముందే ఆగిపోతాయి. అలాంటి బండికి నిష్పత్తి కాస్త పెంచితే టాప్ స్పీడ్ తగ్గకపోవచ్చు, ఒక్కోసారి ఓ రెండు కిలోమీటర్లు పెరగొచ్చు కూడా. భీమిలి రోడ్డులో సముద్రం గాలికి ఎదురెళ్తూ ఐదో గేరులో నీరసపడి, నాలుగులో హుషారుగా ఉండే బండి ఈ కోవలోదే.

చైన్ 'సాగడం' అంటే నిజానికి అరగడం

చైన్ సాగిందంటాం గానీ ఉక్కు పట్టీలు రబ్బరులా సాగవు. లింకులు కలిసే ప్రతి కీలు దగ్గర ఒక పిన్ను, దాని చుట్టూ గొట్టంలాంటి బుష్, దాని మీద తిరిగే రోలర్ ఉంటాయి. చైన్ పళ్ల చుట్టూ వంగిన ప్రతిసారీ పిన్ను బుష్‌లో కాస్త తిరుగుతుంది, రుద్దుకుంటుంది. ఒక్కో కీలు దగ్గర 0.1 మి.మీ. అరిగితే చాలు, 118 లింకుల చైన్ దాదాపు 12 మి.మీ. పొడవెక్కుతుంది.

మన చిన్న బళ్లలో ఎక్కువగా కనిపించే 428 చైన్‌లో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం 12.7 మి.మీ. దాన్ని బిగువుగా పట్టి 20 లింకులు కొలిస్తే కొత్తలో 254 మి.మీ. ఉంటుంది. 2 శాతం పెరిగి 259 దగ్గరికి వచ్చిందంటే దాని పని అయిపోయినట్టే.

అరుగుదలను నిర్ణయించేవి మూడు: ఎంత బలంగా లాగుతున్నాం, ఎంత కోణంలో వంచుతున్నాం, ఎన్నిసార్లు వంచుతున్నాం. 15 పళ్ల చక్రం మీదికి ఎక్కేటప్పుడు లింకు 24 డిగ్రీలు వంగుతుంది. 14 మీద 25.7, 13 మీద 27.7. వెనక 45 పళ్ల మీద 8 డిగ్రీలే. చిన్న చక్రం చైన్‌ను ఎక్కువ బాధపెడుతుందన్న మాటకు మూలం ఇది.

దీనికి తోడు ఇంకొకటి ఉంది. పళ్ల చక్రం నిజంగా గుండ్రం కాదు, చైన్ దాని మీద పలకలు పలకలుగా కూర్చుంటుంది. దానివల్ల ముందు చక్రం ఒకే వేగంతో తిరుగుతున్నా చైన్ వేగం కొద్దిగా హెచ్చుతగ్గులవుతుంది. 17 పళ్ల మీద ఈ ఊగిసలాట 1.7 శాతం, 15 మీద 2.2, 14 మీద 2.5, 13 మీద 2.9. రెండు పళ్లు తగ్గించిన బండిలో ఫుట్‌రెస్ట్ దగ్గర కొత్తగా గరగర తెలియడానికి ఇదొక కారణం.

ముందు తగ్గించడమా, వెనక పెంచడమా

షెడ్ దగ్గర వాదన ఎక్కువగా తప్పుదారి పట్టేది ఇక్కడే, కాబట్టి కాస్త ఆగి చూద్దాం.

ఫుల్ థ్రాటిల్ సంగతి మొదట. ముందు 14 వేస్తే ఆ చక్రం వ్యాసార్థం తగ్గుతుంది. ఇంజిన్ ఇచ్చే అదే టార్క్‌కు చైన్ మీద లాగుడు 7 శాతం పెరుగుతుంది. మీకొచ్చే అదనపు పికప్ ఆ అదనపు లాగుడే. వెనక 48 వేసినప్పుడు అదనపు తోపు వెనక చక్రం పెద్దదవడం వల్ల వస్తుంది, చైన్ మీద లాగుడు పాతదే. పికప్ రెండు చోట్లా దాదాపు ఒకటే, చైన్ మీద బరువు మాత్రం ఒకటి కాదు.

ఇక మామూలుగా ఒకే వేగంతో వెళ్లేటప్పుడు. లింకులు బిగువుగా ఉండి వంగేవి ముఖ్యంగా రెండు చోట్ల: ముందు చక్రం మీదికి ఎక్కేటప్పుడు, వెనక చక్రాన్ని వదిలేటప్పుడు. 15/45కి ఆ రెండు కోణాల మొత్తం 24, 8 కలిపి 32 డిగ్రీలు. 14/45కి 33.7, అంటే 5 శాతం ఎక్కువ. వెనక చక్రం మారలేదు కాబట్టి కిలోమీటరుకు చైన్ వేసే చుట్లు అవే, లాగుడూ అదే. మొత్తంమీద రుద్దుడు 5 శాతం పెరిగినట్టు.

15/48కి కోణాల మొత్తం 31.5, కాస్త తక్కువే. కానీ వెనక చక్రం పెద్దది కాబట్టి కిలోమీటరుకు చైన్ 6.7 శాతం ఎక్కువ తిరగాలి. ఇది చూసి "వెనక పెంచినా చైన్ అరుగుతుందిగా" అంటారు, అది నిజమే. అయితే అదే తోపుకు చైన్ మీద లాగుడు 6 శాతం తగ్గుతుందన్నది మరిచిపోతారు. అన్నీ గుణిస్తే 15/48 రుద్దుడు 15/45తో దాదాపు సమానంగా తేలుతుంది.

కాబట్టి చైన్ వరకే చూస్తే వెనక పెంచడం మెరుగు. కానీ ఎంత మెరుగు? నూనె, దుమ్ము రెండు బళ్లకూ ఒకేలా ఉంటే ఈ కాగితం లెక్క ప్రకారం 20,000 కిలోమీటర్లు రావాల్సిన చైన్ ముందు పన్ను తగ్గించాక 19,000 చుట్టుపక్కల వస్తుంది. నిత్యం థ్రాటిల్ పూర్తిగా తిప్పే మనిషికి ఇంకాస్త తగ్గుతుంది. 'చైన్ పాడైపోతుంది' అని భయపెట్టేంత నష్టం ఇందులో నాకు కనిపించదు. 15 నుంచి 13కి రెండు పళ్లు దింపితే మాత్రం సంగతి వేరు. కోణం, లాగుడు, ఊగిసలాట మూడూ పెరుగుతాయి. పైగా చైన్ కిందికి దిగి స్వింగ్‌ఆర్మ్ (వెనక టైరును పట్టి ఉంచే చెయ్యి) మీదున్న రబ్బరు పట్టీని ఒరుసుకుంటూ వెళుతుంది. ఆ పట్టీ అరిగిపోతే తర్వాత కోసుకుపోయేది స్వింగ్‌ఆర్మే.

అమర్చే వీలు కూడా చూడాలి. ముందు ఒక పన్ను తగ్గితే చైన్ వదులై వెనక టైరును సుమారు 3 మి.మీ. వెనక్కి జరపాలి, అది ఇబ్బంది కాదు. వెనక మూడు పళ్లు పెరిగితే టైరు 10 మి.మీ. దాకా ముందుకు రావాలి. అంత చోటు లేకపోతే రెండు లింకులు ఎక్కువున్న చైన్ కొనాలి, చైన్ కవర్‌కు తగులుతుందేమో చూసుకోవాలి. ముందు చక్రం చిన్నది, చవకది, మార్చడం సులువు. అందరూ దాని జోలికే వెళ్లడానికి కారణం అదే.

సరి పళ్లు, బేసి పళ్లు

నిష్పత్తి సరిగ్గా 3 రాకూడదని, వస్తే ఒకే పన్ను మీద ఒకే పన్ను పడి అరుగుతుందని ఒక నమ్మకం ఉంది. పళ్లూ పళ్లూ నేరుగా కలిసే గేర్లకు ఆ జాగ్రత్త సరైనదే. ఇక్కడ మధ్యలో చైన్ ఉంది. చూడాల్సింది పళ్లకూ లింకులకూ మధ్య లెక్క.

118 లింకుల చైన్‌కు 15 పళ్ల చక్రం వేస్తే ప్రతి పన్నూ క్రమంగా ప్రతి లింకునూ కలుస్తుంది. అరుగుదల అందరికీ పంచినట్టు పడుతుంది. 14 పళ్లు వేస్తే ప్రతి పన్నూ సగం లింకులనే, అదీ ఒకే రకం లింకులనే కలుస్తూ పోతుంది. చైన్‌లో లోపలి లింకు, బయటి లింకు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి కదా, పిన్నులూ బుష్‌లూ అరిగినప్పుడు పొడవు పెరిగేది బయటి లింకుల దగ్గరే. అందువల్ల సరి సంఖ్య చక్రంలో పళ్లు ఒకటి విడిచి ఒకటి వేరుగా అరుగుతాయి. అలాగని సరి సంఖ్య పనికిరాదని కాదు, కంపెనీ నుంచే 14 పళ్లతో వచ్చే బళ్లు ఎన్నో ఉన్నాయి. 15తో 120 లింకులు కలిస్తే ఇంకా ఘోరం: ప్రతి పన్ను ఎప్పటికీ అదే 8 లింకులను కలుస్తుంది. కాబట్టి 'బేసి మంచిది' అన్నది కూడా చైన్ పొడవు చూడకుండా చెప్పే మాట కాదు.

ఉప్పుగాలి ముందు 5 శాతం ఎంత

విశాఖలో చైన్ ఆయుష్షు గురించి మాట్లాడుతూ పళ్ల దగ్గరే ఆగిపోతే అసలు దోషిని వదిలేసినట్టే. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ, భీమిలి దాకా గాలిలో ఉప్పు ఉంటుంది. ఉప్పు తేమను లాక్కుని పట్టి ఉంచుతుంది. వర్షం పడకపోయినా రాత్రి బయట నిలబెట్టిన బండి చైన్ తెల్లారేసరికి తడిగా ఉండేది అందుకే. ఇంకోవైపు పాతనగరం, పోర్టు పరిసరాల్లో బొగ్గు, ఖనిజం దుమ్ము. దుమ్ము నూనెలో కలిస్తే గరుకు ముద్ద తయారై పిన్నులనూ రోలర్లనూ నిత్యం సానబెడుతుంది.

చైన్‌ను దగ్గరగా చూస్తే ఇది తెలిసిపోతుంది. పట్టీల అంచుల మీద పైపైన ఎర్రగా ఉంటే తుడిస్తే పోతుంది. రెండు పట్టీల సందు నుంచి ఎర్రటి పొడి రాలుతూ, వేలితో వంచితే ఒక లింకు వంగినచోటే నిలిచిపోతే తుప్పు కీలు లోపలికి చేరినట్టు. ఆ లింకు పళ్ల మీద తిన్నగా కూర్చోదు. చైన్ ఒక చుట్టు తిరిగేలోపు ఒకచోట బిగువుగా, ఇంకోచోట వదులుగా అనిపిస్తుంది. ఈ దశకు వచ్చాక 15 పళ్లా 14 పళ్లా అన్న ప్రశ్నకు అర్థం లేదు.

పూర్తి చైన్ కవర్‌తో వచ్చే కమ్యూటర్ బళ్లను చూసి కుర్రాళ్లు మొహం తిప్పుకుంటారు గానీ, ఈ ఊరికి అది నిజంగా గొప్ప వసతి. స్పోర్ట్స్ బళ్లలో చైన్ బయటికి ఉంటుంది, దానికి బదులు ఓ-రింగ్ చైన్ ఇస్తారు. కీలు లోపల ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజును రబ్బరు రింగులు కాపాడతాయి. దాన్ని పెట్రోలుతో, ఇనుప బ్రష్‌తో తోమితే పోయేది ఆ రింగులే. కాలిన ఇంజిన్ ఆయిల్ పోసే అలవాటూ చాలాచోట్ల ఉంది. ఎండిపోయిన చైన్ కంటే అది నయమే, కానీ అందులో మసి, లోహపు రజను ఉంటాయి, దుమ్మునూ బాగా పట్టుకుంటుంది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, గేరు వేసి, తిరిగే చైన్‌కు గుడ్డ పెట్టి తుడవడం మాత్రం దయచేసి ఎవరూ చెయ్యొద్దు. గుడ్డతో పాటు వేళ్లు కూడా పళ్ల మధ్యకు వెళ్లిపోతాయి.

బిగువు సంగతీ తక్కువది కాదు. చాలా చిన్న బళ్లకు మాన్యువల్ 20 నుంచి 30 మి.మీ. వదులు ఉంచమంటుంది. ఒక్కరే ఉన్నప్పుడు సరిపోయిన బిగువు, వెనక మనిషి కూర్చుని స్వింగ్‌ఆర్మ్ పైకి లేచినప్పుడు ఎక్కువైపోతుంది. అలా బిగిసిన చైన్ తనతో పాటు గేర్‌బాక్స్ బేరింగ్‌నూ తింటుంది. 5 శాతం రుద్దుడు గురించి వాదించే చోట దీని గురించి మాట్లాడేవాళ్లు కనిపించరు, అదే నా బాధ.

మైలేజీ, మీటరు

ఆర్‌పీఎం 7 శాతం పెరిగితే మైలేజీ అంతే పడిపోదు. హైవేలో గాలిని తోసే పని మారదు, ఇంజిన్ లోపలి రాపిడి మాత్రమే పెరుగుతుంది, కాబట్టి తగ్గుదల అంతకంటే తక్కువే ఉంటుంది. ఘాట్‌లో, జంటగా వెళ్లేటప్పుడు ఇంజిన్‌ను ముక్కించడం తగ్గడం వల్ల తేడా తెలియకపోవచ్చు కూడా.

స్పీడోమీటరు ముందు టైరు నుంచి లెక్క తీసుకునే బళ్లలో ఏమీ మారదు. గేర్‌బాక్స్ వైపు నుంచి తీసుకునే బళ్లలో 14/45 వేశాక మీటరు 7 శాతం ఎక్కువ చూపిస్తుంది. కిలోమీటర్లూ అలాగే ఎక్కువ పడతాయి. అలాంటి బండి యజమాని "మైలేజీ పెరిగింది" అని సంబరపడితే, ఆ పెరుగుదల మీటరులోది. వేగాన్నీ ఆర్‌పీఎంనూ పోల్చి గేరు అంకె చూపించే బళ్లలో ఆ అంకె కూడా తప్పు పడొచ్చు.

ఎప్పుడు మార్చితే లెక్క కుదురుతుంది

పాత చైన్‌కు కొత్త పళ్ల చక్రం వేస్తే పొడవెక్కిన లింకులు కొత్త పళ్ల మీద సరిగ్గా కూర్చోక వాటినీ త్వరగా వంకర చేస్తాయి. ముందు చక్రం పళ్లు వెనకవాటి కంటే మూడు రెట్లు ఎక్కువసార్లు చైన్‌ను కలుస్తాయి కాబట్టి ఆ దెబ్బ అక్కడే ముందు కనిపిస్తుంది. అందుకే నిష్పత్తి మార్చాలన్న ఆలోచనకు తగిన సమయం చైన్ సెట్ మొత్తం మార్చే రోజు. కూలీ ఒకటే, లింకుల సంఖ్యను కూడా అప్పుడే కలిపి ఎంచుకోవచ్చు. నెలకోసారి అరకు వెళ్తూ మిగతా రోజులు ఊళ్లోనే తిరిగే 150 సీసీ బండికి నేనైతే ముందు ఒక పన్ను తగ్గించడానికే మొగ్గుతాను. వెనక చోటు, తగిన చైన్ దొరికితే వెనక మూడు పెంచడానికి. ఏడాదికి ఒక్కసారే ఘాట్ ఎక్కి మిగతా రోజులన్నీ హైవే మీదుండే బండికి కంపెనీ ఇచ్చిన పళ్లే ఉంచి, మలుపు దగ్గర ఒక గేరు దించుకోవడం మేలు.